యాప్‌లో షోగి నేర్చుకున్నోళ్ళు చెక్క బోర్డు ముందు కూర్చుంటే పావుల్ని ఎలా పట్టుకోవాలి, ఎక్కడ పెట్టాలి

యాప్‌లో షోగి, అంటే జపాన్ చదరంగం, నేర్చుకున్న వాళ్ళందరికీ ఒకటే జబ్బు, ఆట వస్తుంది కానీ చెయ్యి రాదు. నాకూ అంతే. వందల ఆటలు ఫోన్‌లో ఆడేసి, ఏదో పెద్ద మొనగాడిలా ఫీలైపోయి, మొదటిసారి నిజం బోర్డు ముందు ఒక జపనీస్ పెద్దాయన ఎదురుగా కూర్చున్నా. ఇరవై ఎత్తులు కూడా అవ్వలేదు, ఆయన వెండి (షోగిలో ఒక పావు పేరు) ఒకటి కొట్టాను, చెస్‌లో అలవాటు కదా, కొట్టిన పావుని ఎడమ గుప్పిట్లో పెట్టుకుని దొర్లిస్తూ ఆలోచిస్తున్నా. ఆయన ఆడట్లేదు. నా ఎత్తు అయిపోయింది, ఆయన టర్నే, అయినా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపయ్యాక తన అరచెయ్యి మెల్లగా తెరిచి నా గుప్పిట వైపు చూశాడు. అప్పుడు వెలిగింది నాకు. ఆ వెండి నా చేతిలో దాక్కుంటే నా దగ్గర ఏముందో ఆయనకి కనపడదు, కనపడకపోతే ఆయన లెక్క వేసుకోలేడు.

షోగిలో పావుల మర్యాద అనేది మొత్తం ఇక్కడి నుంచే పుట్టింది అని నా నమ్మకం. చెస్‌లో తెల్లవి నీవి, నల్లవి నావి, ఎక్కడ పడేసినా ఎవరిదో తెలుస్తుంది. షోగి పావులకి రంగు లేదు, నలభైకి నలభై ఒకే చెక్క ముక్కలు, అయిదు మూలల ఆకారం, ముందు వైపు కొస తేలి ఉంటుంది, ఆ కొస ఎవరి వైపు చూస్తుంటే వాళ్ళు శత్రువు అన్నమాట. కొట్టిన పావు చచ్చిపోదు, కొట్టినవాడి సైన్యంలో చేరిపోయి మళ్ళీ బోర్డు మీదకి దిగుతుంది. కాబట్టి ఒక పావు ఎవరిది అనేది అది ఎటు తిరిగి ఉంది, ఎక్కడ ఉంది అన్న రెండిటి మీదే ఆధారపడి ఉంది. అందుకే ఇక్కడ చేతి పద్ధతి ఉట్టి నాజూకు కాదు, సగం రూలే.

సరే మొదటి నుంచి వద్దాం. ఆటకి ముందు చేతులు కడుక్కోండి, ఇది ఎవరూ చెప్పరు కానీ మంచి పావులు త్సుగె అనే చెక్కతో చేస్తారు, చేతి జిడ్డు, చెమట పట్టేస్తాయి. బోర్డు దుమ్ము ఒక పొడి గుడ్డతో తుడిచి, పెట్టె బోర్డు మధ్యలో పెడతారు. పెట్టె తెరిచి, సంచిలోంచి పావుల్ని బోర్డు మీదకి వంపేది ఇద్దరిలో పెద్ద ర్యాంకు వాళ్ళు, ర్యాంకులు లేకపోతే వయసులో పెద్దవాళ్ళు. మీరు చిన్నవాళ్ళైతే ఉత్సాహంగా ముందే చెయ్యి పెట్టేయకండి, కాస్త ఆగండి. రాజులు రెండూ చూడ్డానికి ఒకటేలా ఉంటాయి కానీ ఒకదాని మీద చిన్న చుక్క ఎక్కువ ఉంటుంది. చుక్క లేనిది ఓషో, చుక్క ఉన్నది గ్యోకుషో. ఓషో పెద్దవాళ్ళకి, గ్యోకుషో చిన్నవాళ్ళకి. పెద్దాయన తన రాజుని తీసి పెట్టుకున్నాకే మీ రాజుని మీరు తీసుకోవాలి, ఆ తర్వాత ఆయన ఒకటి మీరు ఒకటి అలా పేర్చుకుంటూ పోవడమే. ఆయన ఎంత స్పీడుగా పేరుస్తున్నాడో అదే స్పీడు, పోటీ పడి ముందే పూర్తి చేసేసి చేతులు కట్టుకుని కూర్చోవడం బావుండదు.

పేర్చే వరసకి రెండు పద్ధతులున్నాయి, జపాన్‌లో ఎదో యుగం (1603–1868) నాడు షోగిని వంశపారంపర్యంగా నడిపిన కుటుంబాల పేర్లే వాటికి పెట్టారు. ఓహాషి పద్ధతిలో రాజు, తర్వాత ఎడమ బంగారం, కుడి బంగారం, ఎడమ వెండి, కుడి వెండి, అలాగే గుర్రాలు, చివర్న ఈటెలు, అంటే మధ్య నుంచి అంచులకి వెళ్తాం, తర్వాత కాకు (చెస్ బిషప్ లాంటిది), హిషా (చెస్ రూక్ లాంటిది), ఆఖర్న మధ్య బంటు నుంచి అటొకటి ఇటొకటి. ఇతో పద్ధతిలో గుర్రాల దాకా అదే, కానీ ఆ తర్వాత ముందు బంటులు తొమ్మిదీ ఎడమ నుంచి వరసగా పెట్టేసి, అప్పుడు ఈటెలు, కాకు, హిషా పెడతారు. ఎందుకంటే ఈటె, కాకు, హిషా దూరం కొట్టేవి, ముందు బంటు అడ్డం లేకుండా వాటిని పెడితే ఆట మొదలవ్వకుండానే ఎదుటివాడి కోటలోకి గురిపెట్టినట్టు అవుతుందని. నాకైతే ఈ ఆలోచన భలే నచ్చింది, అందుకే ఇతోనే అలవాటు చేసుకున్నా, ప్రొఫెషనల్స్‌లో ఎక్కువమంది మాత్రం ఓహాషియే. ఏది పాటించినా తప్పు లేదు. తప్పు పడేదల్లా కాకు, హిషా దగ్గర. ఎవరి వైపు నుంచి చూసుకున్నా కాకు ఎడమ చేతి వైపు, హిషా కుడి చేతి వైపు ఉండాలి, ఎదుటివాడిది చూసి అద్దంలోలాగా పెట్టేస్తే తారుమారు అవుతుంది.

ముందు ఎవరు ఆడాలో తేల్చుకోడానికి టాస్ లాంటిది ఉంది, ఫురిగోమా అంటారు. పెద్ద ర్యాంకు వాళ్ళ వైపు మధ్యలోని అయిదు బంటులు తీసి, రెండు అరచేతుల మధ్య గలగలా ఊపి వేస్తారు. బంటు వైపు ఎక్కువ పడితే ఆ పెద్దవాళ్ళకే మొదటి ఎత్తు, వెనక వైపు, అంటే తోకిన్ (ప్రమోట్ అయిన బంటు) అని రాసి ఉన్నది ఎక్కువ పడితే ఎదుటివాళ్ళకి. ఒకదాని మీద ఒకటి ఎక్కినవి, నిటారుగా నిలబడినవి లెక్కలోకి రావు. వేసిన బంటుల్ని మళ్ళీ వాటి గళ్ళలో సర్దాకే ఆట. హ్యాండిక్యాప్ ఆటైతే (పెద్ద ఆటగాడు తన పావులు కొన్ని తగ్గించుకుని ఆడేది) ఇదేం ఉండదు, పావులు తీసేసుకున్న పెద్ద ఆటగాడే ముందు ఆడతాడు, తీసేసిన పావులు పెట్టెలోకి వెళ్ళిపోవాలి. బోర్డు పక్కన వదిలేస్తే పది నిమిషాల తర్వాత అది కొట్టిన పావా తీసేసిన పావా అని అయోమయం.

వంగి ఒనెగాయిషిమాసు (ఆడదామండి అని మర్యాదగా) అని ఇద్దరూ అనుకుంటారు. ఇక ఆట.

ఇప్పుడు అసలు సంగతి, వేళ్ళు. టీవీలో ప్రొఫెషనల్స్ ఆడుతుంటే పావు బోర్డుకి తగిలినప్పుడు టక్ మని ఒక శుభ్రమైన చప్పుడు వస్తుంది చూశారా, అది బలంతో వచ్చేది కాదు. పావుని ముందు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడింటితో పక్కల నుంచి పట్టుకుని ఎత్తండి. గాల్లోకి లేచాక చూపుడువేలు పావు కిందకి జారాలి, మధ్యవేలు పైన ఆనాలి, బొటనవేలు వదిలేయాలి. అంటే పావు కింద చూపుడువేలు, పైన మధ్యవేలు, మధ్యలో పావు బిస్కెట్ క్రీములా ఉంటుంది. అలా తీసుకెళ్ళి, పావు మందంగా ఉన్న వెనక అంచుని ముందు గడిలో ఆనించి, చూపుడువేలిని లాగేస్తూ మధ్యవేలితో కిందకి నొక్కితే ముందు కొస టక్ మని పడుతుంది. మొదట్లో పావు ఎగిరి ఎదుటివాడి ఒళ్ళో పడుద్ది, నాకు పడింది. ఇంట్లో ఖాళీ బోర్డు మీద ఒక బంటు తీసుకుని రోజూ అయిదు నిమిషాలు చేస్తే వారంలో వచ్చేస్తుంది. పెద్ద పావులతో కాదు, బంటుతోనే మొదలుపెట్టండి, అది అన్నిటికంటే చిన్నది, అది వచ్చిందంటే మిగతావి వాటంతటవే వస్తాయి.

రాకపోతే? ఏం పర్లేదు, మామూలుగా రెండు వేళ్ళతో పట్టుకుని నెమ్మదిగా పెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. చప్పుడు రావాల్సిందే అని రూల్ ఎక్కడా లేదు. చూడ్డానికి చిరాకు పుట్టేది మాత్రం పావుని ఒక వేలితో నెట్టుకుంటూ తీసుకెళ్ళడం. హిషాని అలా ఆ చివరి నుంచి ఈ చివరికి తోస్తే దార్లో పక్క గళ్ళలోవి నాలుగు కదిలిపోతాయి, అవి ఎక్కడున్నాయో మళ్ళీ గుర్తుచేసుకుని సర్దుకోవాలి. అలాగే గెలుస్తున్నాం కదా అని ఢాం ఢాం మని కొట్టడం, ఎదుటివాడు ఆలోచిస్తుంటే చేతిలో ఉన్న పావుతో బోర్డు అంచు మీద టకటకలాడించడం, పక్కన పెట్టిన పావుల్ని గలగల కదపడం ఇవన్నీ చాలా మొరటు. పిల్లలు ఇవే పావుల్ని గుట్టగా పోసి, ఒక్క వేలితో చప్పుడు రాకుండా ఒక్కొక్కటీ లాగే ఆట ఒకటి ఆడతారు జపాన్‌లో, చప్పుడైతే వంతు పోయినట్టే. ఓపిక నేర్చుకోడానికి అది కూడా మంచి ప్రాక్టీసే, నవ్వకండి.

పావు గడిలో వంకర లేకుండా, కొస నేరుగా ముందుకి ఉండాలి, గీత మీద కూర్చోకూడదు. వంకరగా ఉంటే మీ టర్నులో మీవి సర్దుకోండి. ఎదుటివాడిది బాగా పక్కకి జరిగిపోతే ఒక మాట చెప్పి సర్దొచ్చు, మాట్లాడకుండా ఆయన పావు మీద చెయ్యి వేస్తే కొడుతున్నారనుకుంటాడు.

చెస్‌లో ముట్టుకుంటే అదే ఆడాలి అనే రూల్ ఉంది కదా, షోగిలో అది లేదు. ఇక్కడ గీత ఎక్కడంటే, చెయ్యి వదలడం. పావుని కొత్త గడిలో పెట్టి వేళ్ళు తీసేశారా, అయిపోయింది, ఆ ఎత్తు అంతే. వేళ్ళు తీశాక మళ్ళీ వెనక్కి తీసుకుంటే దాన్ని మత్తా అంటారు, అది ఫౌల్, టోర్నమెంట్‌లో ఓటమే. 2005లో ఒక టీవీ టోర్నమెంట్‌లో చాలా పేరున్న సీనియర్ ప్రొఫెషనల్ ఒకాయన చెయ్యి వదిలాక ఎత్తు మార్చాడు, ఆట గెలిచాడు కూడా, కానీ టీవీలో చూసినవాళ్ళు ఊరుకుంటారా, తర్వాత ఆయనకి శిక్ష పడింది. అంటే ఇది చిన్నపిల్లల ఆటలో గొడవ కాదు అని చెప్పడానికి ఇదంతా. ఇక ముట్టుకుంటే ఆడాలి అని లేదు కదా అని పావు ఎత్తి పట్టుకుని ఇక్కడా అక్కడా అని గాల్లో తిప్పుతూ ఆలోచించకండి, మీ చెయ్యి బోర్డుకి అడ్డం పడుతుంది, ఎదుటివాడికి ఏమీ కనపడదు. ముందు ఆలోచించండి, తేల్చుకోండి, అప్పుడు చెయ్యి చాపండి.

పావు తిప్పడం, అంటే వెనక వైపు పైకి తెచ్చి బలం పెంచే ప్రమోషన్, దగ్గర కూడా ఇదే లెక్క. ఎదుటివాడి వైపు చివరి మూడు వరసల్లోకి వెళ్ళినా, అందులో కదిలినా, అందులోంచి బయటికొచ్చినా తిప్పొచ్చు, కానీ ఆ ఎత్తులో భాగంగానే తిప్పాలి. తిప్పకుండా పెట్టి చెయ్యి తీసేసి, అయ్యో మర్చిపోయా అంటే కుదరదు, అది తిరగని పావే. యాప్ అయితే తిప్పాలా వద్దా అని అడుగుతుంది, చెక్క అడగదు. నేను దీని మూలంగా ఓడిపోయిన ఆటలు ఉన్నాయి. ఒక చిట్కా, పావు ఎత్తేటప్పుడే గాల్లో తిప్పేసి పట్టుకోండి, దిగేటప్పుడు తిప్పుదాం అనుకుంటే వేళ్ళు తడబడతాయి. బంటు, ఈటె చివరి వరసకి, గుర్రం చివరి రెండు వరసలకి వెళ్తే మాత్రం తిప్పి తీరాలి, అక్కడి నుంచి వాటికి కదిలే దారి లేదు కాబట్టి. బంగారానికీ రాజుకీ తిప్పడం లేదు.

కొట్టడం ఎలా అంటే, ఒక్క చేత్తోనే. ముందు ఎదుటివాడి పావుని తీసి మీ కుడి పక్కన ఉన్న చిన్న బల్ల మీద పెట్టండి, దాన్ని కోమాదాయి అంటారు, తర్వాత అదే చేత్తో మీ పావుని ఖాళీ అయిన గడిలోకి తీసుకురండి. కుడి చేత్తో ఆడుతూ ఎడమ చేత్తో ఎదుటి పావు లాక్కోవడం తొందరపాటులా కనిపిస్తుంది. టైమర్ ఉంటే అది కూడా పావు కదిపిన చేత్తోనే నొక్కాలి, ఒక చేత్తో ఎత్తు ఇంకో చేత్తో గడియారం అంటే ఒప్పుకోరు.

కోమాదాయి మీద పావులు పెట్టడంలోనే ఎదుటివాడి మీద మీకెంత గౌరవం ఉందో తెలిసిపోతుంది. కొట్టిన పావు తిరిగి ఉన్నదైనా సరే, బల్ల మీద దాని అసలు ముఖం పైకి రావాలి, తోకిన్‌ని కొడితే మీకు దక్కేది బంటే, అది బంటులాగే కనపడాలి. కొస ముందుకి, అంటే ఇప్పుడు అది మీ మనిషి. పెద్ద పావులు ఒక వైపు వరసగా, బంటులు ఒక వైపు, ఎన్ని ఉన్నాయో ఎదుటివాడు వంగకుండానే లెక్కపెట్టగలగాలి. బంటులు ఆరేడు అయిపోతే విసనకర్రలా కొంచెం పరిచి పెట్టొచ్చు, గుట్టగా పోయకూడదు, పెద్ద పావు కింద బంటు దాక్కోకూడదు. బల్ల లేకపోతే బోర్డుకి కుడి పక్కన ఖాళీ జాగాలో పెట్టుకోండి, అంతే. ఒళ్ళో, జేబులో, గుప్పిట్లో మాత్రం వద్దు, నా వెండి కథ గుర్తుంది కదా.

ఇక అక్కడి నుంచి పావుని మళ్ళీ బోర్డు మీదకి దించేటప్పుడు చేసే తప్పులు కొన్ని నేరుగా ఓటమి. యాప్ వీటిని చేయనివ్వదు కాబట్టి మనకి ఇవి ఉన్నాయనే స్పృహ ఉండదు. అన్నిటికంటే పెద్దది నిఫు, ఒకే నిలువు వరసలో మీ తిరగని బంటు ఒకటి ఉండగా రెండోది దించడం. వరస మొత్తం కింద దాకా చూడకపోతే జరుగుతుంది, సాధారణంగా మీ వైపు అడుగున ఎక్కడో పాత బంటు కూర్చుని ఉంటుంది. కొత్తవాళ్ళే చేస్తారనుకుంటే పొరపాటు, 2015 మార్చిలో జపాన్ టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కే నడిపే ఎన్‌హెచ్‌కే కప్ సెమీఫైనల్లో ప్రొఫెషనల్ ఒకాయన టీవీలో అందరూ చూస్తుండగా నిఫు చేసి తల పట్టుకున్నాడు. నేనైతే బంటు దించే ముందు చూపుని ఆ వరస మీద కింద నుంచి పైకి ఒకసారి జరుపుతా, అలవాటైతే క్షణం కూడా పట్టదు. ఆ వరసలో ఉన్నది తోకిన్ అయితే పర్లేదు, అది లెక్కలోకి రాదు. మిగతావి త్వరగా చెప్తా, తిరిగిన ముఖంతో దించకూడదు, కదలడానికి దారి లేని చోట దించకూడదు, దించిన బంటుతోనే రాజుని నేరుగా మేట్ చేయకూడదు (బోర్డు మీద ముందే ఉన్న బంటు జరిగి మేట్ చేస్తే తప్పు లేదు). రాజుకి చెక్ ఉన్నా చూసుకోకుండా ఇంకేదో ఆడినా ఓటమే, ఎదుటివాడు చెక్ అని నోటితో చెప్పాలని రూలేం లేదు. ఒకేసారి వరసగా రెండు ఎత్తులు ఆడేయడం కూడా, నమ్మరు గానీ, మనుషులు చేస్తారు.

చూసేవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. కాళ్ళున్న మందపాటి షోగి బోర్డు చూస్తే కాళ్ళు కుచినాషి అనే కాయ ఆకారంలో చెక్కి ఉంటాయి. జపనీస్‌లో ఆ పేరుని నోరు లేదు అని కూడా వినొచ్చు, పక్కన నిలబడ్డవాళ్ళు నోరెత్తొద్దు అని బోర్డే చెప్తోందన్నమాట. వేలు పెట్టి చూపించడం, అబ్బా అని నిట్టూర్చడం, అన్నీ సలహా కిందే లెక్క.

ఓడిపోతున్నాం అని తెలిస్తే రాజు దొరికేదాకా ఆగక్కర్లేదు. కోమాదాయి మీద చెయ్యి ఆనించి, తల వంచి, మకెమాషితా అనండి, ఓడిపోయాను అని అర్థం. మాట గట్టిగా వినపడాలి, ఇది కష్టమే, గొంతులో ఇరుక్కుంటుంది, కానీ పావుల్ని చెల్లాచెదురు చేసేసి లేచిపోవడం కంటే ఎంతో నయం. గెలిచినవాళ్ళు కూడా వంగాలి, నవ్వుకోవడాలు అక్కడ ఉండవు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఆటని వెనక్కి తిప్పి ఎక్కడ తప్పిందో మాట్లాడుకుంటారు, అప్పుడు ఎవరి పావునైనా ఎవరైనా కదపొచ్చు, నేర్చుకునేదంతా అక్కడే ఉంటుంది, తొందరపడి లేవకండి.

సర్దేటప్పుడు పొడి మెత్తటి గుడ్డతో పావుల్ని తుడిచి పెట్టండి, నీళ్ళు తగలనివ్వద్దు. ఖరీదైన సెట్ల మీద అక్షరాలు లక్కతో ఉబ్బెత్తుగా ఉంటాయి, గోరు తగిలినా గీత పడుద్ది. సంచిలోకి వేసేది మళ్ళీ పెద్దవాళ్ళే. అంతకుముందు లెక్క చూసుకోండి, రాజులు రెండు, హిషా రెండు, కాకు రెండు, బంగారం, వెండి, గుర్రం, ఈటె నాలుగేసి, బంటులు పద్దెనిమిది, మొత్తం నలభై. నలభై ఒకటో నలభై రెండో వస్తే కంగారు పడకండి, చాలా సెట్లలో పోతే వాడుకోడానికని ఒకటి రెండు బంటులు ఎక్కువ ఇస్తారు, వాటిని పెట్టెలో విడిగా కాగితంలో చుట్టి ఉంచండి, లేకపోతే వచ్చేసారి పేర్చేటప్పుడు పదో బంటు ఎక్కడ పెట్టాలో తెలీక నాలాగే బోర్డు వైపు వెర్రిగా చూస్తూ కూర్చుంటారు.